అమాస బైఠక్, ఆరు వారాల ఫ్రాన్సు

నేను ఫ్రాన్సు వెళ్ళొచ్చానన్న సంగతి బీదర్‌లో తెలియనివాళ్ళు లేరు. ఉంటే గింటే వాళ్ళకు నేనే చెప్పాను. ఆరు వారాలున్న దేశం గురించి నలభై ఏళ్ళు మాట్లాడటం అందరి తరమూ కాదు. అందుకు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే ఉద్యోగం ఉండాలి, మధ్యలో లేచిపోవడానికి వీల్లేని విద్యార్థులుండాలి. నాకు రెండూ దొరికాయి. మొన్న ఇంటికి రంగులేయిస్తుంటే, ఆ ఆరు వారాలకు సాక్ష్యంగా గోడకు తగిలించుకున్న సర్టిఫికెట్టు కిందికి దిగింది. అద్దం వెనక అంతా చెదలు. సంతకాలూ ముద్రలూ తినేసి, నా పేరొక్కటే ముట్టకుండా వదిలేశాయి. రంగులేసే మహబూబ్ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "సార్, ఇది ఉంచాల్నా, పారెయ్యాల్నా?" అన్నాడు. "జాగ్రత్తగా పెట్టయ్యా, అది ఫ్రాన్సుది," అన్నాను. "ఫ్రాన్సుదైతే ఏంది సార్, చెదలు మనయే గద," అని దాన్ని తీసుకెళ్ళి పాత పేపర్ల మీద పెట్టాడు.

అప్పట్లో నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్నాను. దక్షిణ ఫ్రాన్సులో ఒక చిన్న ఊళ్ళో, ఫ్రెంచి రాజనీతి చింతన మీద పరదేశి విద్యార్థులకు ఆరు వారాల సదస్సు జరుగుతుందనీ, రానుపోను ప్రయాణం, తిండీ పడకా అన్నీ వాళ్ళవేననీ నోటీసు పెట్టారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం మీద ఒక వ్యాసం రాసి పంపమన్నారు. పంపాను. బీదర్ గంజ్‌లో కందులూ శనగలూ టోకున అమ్మే ఇంట్లో పుట్టినవాడు సమానత్వం గురించి ఏం రాశాడో ఇప్పుడు గుర్తు లేదు గాని, చదివినవాళ్ళు నమ్మారు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, గిరాకీలతో మరాఠీ, తాతతో సగం ఉర్దూ, పరీక్షల్లో ఇంగ్లీషు. ఇన్ని భాషలు వచ్చీ, ఏ ఒక్క భాషలోనూ తాతకు ఎదురుచెప్పడం నేర్చుకోనివాణ్ణి, రాజును దించేసిన దేశానికి వెళ్ళి పాఠం వినడానికి ఎంపికయ్యాను.

తాత గురించి చెప్పాలి. పోలీసు యాక్షన్ అయ్యాక బీదర్‌లో గద్దెలు చాలా మారాయి. నిజాం పోయాడు, అధికారులు మారారు, తర్వాత జిల్లానే తీసుకెళ్ళి మైసూరు రాష్ట్రంలో కలిపారు, ఆఫీసుల్లో ఉర్దూ పోయి కన్నడం వచ్చింది. మా దుకాణంలో తాత కూర్చున్న గద్దె మాత్రం అంగుళం జరగలేదు. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, సాంబ్రాణి పొగ దుకాణం నాలుగు మూలలా చూపించి, గోనెసంచుల వాసనా ఆ పొగా కలిసిపోయిన గాలిలో లోడు దిండుకు ఆనుకుని కూర్చునేవాడు. సంతకం ఉర్దూలో పెట్టేవాడు, తిట్టు తెలుగులో తిట్టేవాడు, దేవుడితో మాత్రం ఏ భాషలో మాట్లాడేవాడో తెలియదు, పెదాలు కదిలేవి కావు. ఆయన భోజనానికి లేస్తే ఇల్లంతా లేచేది, ఆయన పడుకుంటే వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయడానికి భయపడేవి. వేయించిన కందిపప్పు వాసన ఇంట్లోంచి దుకాణంలోకి వచ్చిందంటే పన్నెండు కావస్తోందని అర్థం. గంజ్‌లో గడియారం చూసుకునేవాళ్ళు తక్కువ.

అమాస నాడు గంజ్ బందు. ఆ రోజు మా ఇంట్లో బైఠక్. పరుపుల మీద తెల్ల దుప్పట్లు పరిచి మగవాళ్ళం ముందు గదిలో కూర్చునేవాళ్ళం: తాత, ఆయన ఇద్దరు కొడుకులు పెద్దబాపూ మా బాపూ, చివర్న నేను. లోపలి గడపకు పరదా, పరదా వెనక ఆడవాళ్ళు. ఇల్లు కట్టే సంగతైనా, పెళ్ళి సంగతైనా, చాయ్ పొడి మార్చే సంగతైనా అక్కడే తేలాలి. తాత వరసగా ఒక్కొక్కరినీ అడిగేవాడు. ఒక్కొక్కరూ తాత మనసులో ఏముందో కనుక్కుని అదే చెప్పేవాళ్ళు. చివర్న పరదా వైపు తిరిగి, "లోపల ఏమంటరు?" అనేవాడు. ఆడవాళ్ళు మాట్లాడటం మర్యాద కాదు గనక చేతులాడించేవాళ్ళు, గాజులు గలగలమనేవి. గాజులు మోగితే ఒప్పుకున్నట్టు. అంతే, "అందరిది ఒకటే మాట. నడువుండ్రి, అన్నాలు తిందాం," అని తాత లేచేవాడు. మా ఇంట్లో ఏనాడూ రెండో మాట లేదని గంజ్‌లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు, మేమూ చెప్పుకునేవాళ్ళం.

శాంతత్త మా బాపుకు చెల్లెలు. పోలీసు యాక్షన్ అయిన ఏడాదే పుట్టిందని, "ఆజాదీ పిల్ల" అని తాత ముద్దుగా పిలిచేవాడట. ఆజాదీ పిల్లకు పదహారేళ్ళకే పెళ్ళి చేశారు. పంతొమ్మిదో ఏట భర్త జ్వరంతో పోతే ఇంటికి తెచ్చుకున్నారు. వెనక వసారాలో చేటతో పప్పు చెరుగుతూ, నా బడి పాఠాలన్నీ నాతో పైకి చదివించుకునేది. నేను తప్పు చదివితే చేట ఆగేది. అలా విని విని, నాకంటే బాగా నేర్చుకుని, మెట్రిక్కు ప్రైవేటుగా కట్టింది. "రాస్తే రాయనీ, పొద్దు గడుస్తది," అన్నాడు తాత. పాసైతే ఏం చేస్తుందో ఎవరికీ తట్టలేదు. ఆమె ఏకంగా ఫస్టు క్లాసులో పాసై కూర్చుంది.

నేను ఫ్రాన్సు కాగితాలు పట్టుకుని సెలవులకు వచ్చినప్పుడు, శాంతత్త నన్ను వసారాలోకి పిలిచి కొంగు ముడి విప్పి ఒక మడత కాగితం చూపించింది. భాల్కిలో టీచర్ ట్రైనింగు సీటు.

"ఎప్పుడు అర్జీ పెట్టినవ్ అత్తా?"

"నువ్వు ఫ్రాన్సుకు పెట్టినప్పుడే. పోస్టుల వేసిందే గా చాకలి ఎల్లమ్మ. వచ్చే నెలాఖరు లోపల చేరకపోతే వేరేటోళ్ళకిస్తరట. రేపు అమాస బైఠక్‌ల నాయన అడుగుతడు. అన్నలిద్దరు వద్దంటరు, నాకెరికే. నువ్వొక్క మాట చెప్పు శ్రీపతీ. చదువుకున్నోనివి, పరదేశం పోయెటోనివి. నీ మాట ఇంటడు."

"చెప్తనత్తా. నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తరు?" అన్నాను. ఈ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత గంభీరంగా ఉందో నాకే ముచ్చటేసింది.

మర్నాడు బైఠక్‌లో మొదట నా సంగతి వచ్చింది. పాస్‌పోర్టుకు ఇంటి పెద్ద పూచీ కాగితం కావాలన్నారు. అది తాత ముందు పెట్టాను. "ఆడ నీచు తింటవా?" అన్నాడు. తినను తాతా అన్నాను. "తాగుతవా?" తాగను తాతా. "ఏం నేర్సుకుంటవ్ మరి?" జనం తమను తాము ఎట్లా పాలించుకోవాలో నేర్చుకుంటాను తాతా. "మంచిదే. లోపల ఏమంటరు?" గాజులు మోగాయి. తాత కాగితాన్ని మడిచి, "బైఠక్ అయినంక సంతకం పెడ్త," అని లోడు కింద పెట్టాడు. నా ఫ్రాన్సంతా ఆ లోడు కింద ఉంది.

తర్వాత శాంతత్త సంగతి. పెద్దబాపు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "మన ఇంటి ఆడిది పరాయూళ్ళె హాస్టల్ల ఉంటదా? రేపు గంజ్‌ల మొఖం ఎట్ల చూపెట్టాలె?" బాపు, "అన్న చెప్పినట్లే," అన్నాడు. పరదా కింది నుంచి ఆడవాళ్ళ పాదాలు కనిపించేవి. మెట్టెలు లేని పాదాలు శాంతత్తవి. అవి పరదాకు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. తాత నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్‌రా, చదువుకున్నోనివి?"

సమానత్వం మీద పన్నెండు పేజీలు రాసినవాణ్ణి. లోడు వైపు చూశాను, పాదాల వైపు చూశాను, మళ్ళీ లోడు వైపు చూశాను. "మీ ఇష్టం తాతా," అన్నాను.

ఆ పాదాలు కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వెళ్ళిపోయాయి. "లోపల ఏమంటరు?" అన్నాడు తాత. గాజులు గలగలమన్నాయి. అందరిదీ ఒకటే మాట. అన్నాలయ్యాక తాత నా కాగితం మీద ఉర్దూలో, అక్షరాలు ముత్యాల్లా, సంతకం పెట్టిచ్చాడు. శాంతత్తే నాకు రెండోసారి చారు పోసింది. ఆమె ముఖం చూడలేదు, విస్తరాకు చాలా శ్రద్ధగా చూస్తూ తిన్నాను.

ఫ్రాన్సు సంగతి. ఇరవై ఇద్దరం విద్యార్థులం. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు క్లాసు, పేజీలకు పేజీలు చదువు. మేడమ్మని పిలిచే ముసలి ప్రొఫెసరు ఇంగ్లీషులో పాఠం చెప్పి, ఫ్రెంచిలో విసుక్కునేది. నేను మాంసం తిననంటే వంటాయన నా చుట్టూ తిరిగి జాలిగా చూసి, రోజూ ఆమ్లెట్టు తెచ్చిపెట్టేవాడు, గుడ్డు కూరగాయేనని ఆయన గట్టి నమ్మకం. అమ్మ కట్టిచ్చిన పల్లీల కారం, వాళ్ళ పొడుగాటి రొట్టెతో మొదటి రెండు వారాలు బతికాను. ఆ రొట్టె పక్కన మా జొన్న రొట్టె పసిపిల్లంత మెత్తన. ఇక పాఠాలంటారా, అధికారం ఒక్కడి చేతిలో ఉండకూడదు, చట్టం చేసేవాడు వేరు, అమలుచేసేవాడు వేరు, తీర్పు చెప్పేవాడు వేరు కావాలన్న పాఠం విని తలాడించాను. మా ఇంట్లో ఆ మూడూ ఒకే లోడుకు ఆనుకుని కూర్చునేవి. ఆ మాట మాత్రం నోట్సులో రాసుకోలేదు.

నాలుగో వారంలో ఒక్కొక్కరూ ఒక్కో భావనను తమ దేశపు ఉదాహరణతో వివరించాలన్నారు. నాకు వచ్చింది జనసంకల్పం. విడివిడిగా ఒక్కొక్కడి కోరికలు కూడితే వచ్చేది కాదు, అందరూ కలిసి అందరి మేలు కోరితే పుట్టేది, అదే నిజమైన సర్వాధికారి అని ఫ్రెంచివాళ్ళు చెప్పుకున్నది. నాకు వెంటనే మా బైఠక్ గుర్తొచ్చింది! నల్లబల్ల మీద లోడు వేశాను, పరదా వేశాను, గాజులు కూడా గుండ్రంగా వేశాను. ఓట్లు లేవు, తగాదాల్లేవు, ఎప్పుడూ ఒకటే మాట. మీరు పుస్తకాల్లో వెతుకుతున్నది మా బీదర్‌లో ప్రతి అమాసకూ జరుగుతుందన్నాను. మేడమ్మ కళ్ళు మెరిశాయి. క్లాసు చప్పట్లు కొట్టింది. నేను ఒక చేత్తో జుట్టు సవరించుకున్నాను.

ట్యునీషియా నుంచి వచ్చిన కరీమా అనే అమ్మాయి చెయ్యెత్తింది. సన్నగా, ఎప్పుడూ పెన్సిలు కొరుకుతూ ఉండేది. "వద్దనాలంటే వాళ్ళేం చేస్తారు?" అంది.

"వద్దంటే గాజులు ఆడించరు," అన్నాను.

"పదిమంది ఆడిస్తుండగా ఒక్కామె ఆడించలేదని మీకెలా తెలుస్తుంది?"

నవ్వాను. నవ్వుతూ జవాబు కోసం వెతికాను. ఆ వెతుకులాటలో నాకు శాంతత్త చేతులు కనపడ్డాయి. చేట పట్టుకున్న చేతులు, చారు పోసిన చేతులు. పంతొమ్మిదో ఏట తీయించిన గాజులు మళ్ళీ ఎవరు వేస్తారు? అన్నేళ్ళ బైఠకుల్లో ఆమె ఒక్కసారి కూడా అవుననలేదు, కాదనలేదు. అన్నా వినిపించే వీలు లేదు. లోపల ఏమంటరని అడిగిన ప్రతిసారీ ఆమె లోపలే ఉంది. మా ఇంట్లో ఎవరికీ, ఆమెతో పాఠాలు దిద్దించుకున్న నాకు కూడా, ఈ సంగతి తట్టలేదు. సముద్రాలు దాటి, ఎవరో పరాయి పిల్ల పెన్సిలు కొరుకుతూ అడిగితే తట్టింది. "మా ఇంట్లో వద్దనేవాళ్ళు లేరు," అని చెప్పి కూర్చున్నాను. మేడమ్మ నాకు ఆ వారం అందరికంటే ఎక్కువ మార్కులు వేసింది.

మిగిలిన రెండు వారాలూ నేను పాఠాలు వినలేదు, ప్రసంగం రాశాను. తొమ్మిది పేజీలు. హక్కులు, సంకల్పం, పౌరురాలు, ఏదీ వదల్లేదు. మధ్యలో తాత ఏమంటాడో, నేనేమంటానో కూడా రాసుకున్నాను. చివరికి తాత కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని బ్రాకెట్లో పెట్టాను. నేను బీదర్‌లో బస్సు దిగేసరికి సరిగ్గా రెండు రోజుల్లో అమాస. సంచి దింపి, అందరికీ తెచ్చిన సబ్బుబిళ్ళలు పంచి, శాంతత్త ఎందుకో కనపడకపోతే గుడికి పోయి ఉంటుందనుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా ఆ రెండు రోజులూ ప్రసంగం బట్టీ పట్టాను. ఇంట్లో మనిషి లేదని రెండు రోజులు గమనించని విప్లవకారుణ్ణి చూడాలంటే ఇంకెక్కడికో పోనక్కర్లేదు.

బైఠక్‌లో లేచి నిలబడ్డాను. అలా లేచి నిలబడటం మా ఇంట్లో అదే మొదలు. "తాతా, ఒక ఆడమనిషి గొంతును..." అని ఎత్తుకున్నాను. పెద్దబాపు బాపు వైపు చూశాడు. తాత నా మొదటి పేజీ అయ్యేదాకా ఓపిగ్గా విని, "ఎవరి ముచ్చట చెప్తున్నవ్‌రా?" అన్నాడు.

"శాంతత్తది."

"అది పోయి నెలాయె గద," అన్నాడు తాత. "కూసో. చాయ్ చల్లారుతుంది."

జరిగింది అమ్మ చెప్పింది, వంటింట్లో, నవ్వు ఆపుకోలేక. నేను విమానమెక్కాక వచ్చిన అమాస నాడు బైఠక్ మామూలుగానే నడిచిందట. తాత అలవాటుగా, "లోపల ఏమంటరు?" అన్నాడట. శాంతత్త పరదా తీసి, చేతిలో ట్రంకుపెట్టెతో మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి, తెల్ల దుప్పటి మీదే చెప్పులు తొడుక్కుందట. "నేను భాల్కి పోతున్న నాయనా. పన్నెండు గంటల బస్సుంది," అని చెప్పి గడప దాటిందట. తాత మనసులో ఏముందో తెలియకుండా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. చివరికి తాతే, "సరే, అందరిది ఒకటే మాట. నడువుండ్రి, అన్నాలు తిందాం," అని లేచాడట. ఆ తర్వాత నెలనెలా భాల్కి బస్సులో కందిపప్పు మూట పంపింది కూడా తాతే. ఎవరు పంపుతున్నారో చెప్పొద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పేవాడట.

తొమ్మిది పేజీలు ఏం చేశానంటే, పారెయ్యలేదు. కాలేజీలో ముప్ఫై ఏళ్ళు అవే పాఠంగా చెప్పాను. బైఠక్ ఉదాహరణ చెప్పేవాణ్ణి, కరీమా ప్రశ్న నేనే వేసినట్టు వేసేవాణ్ణి, శాంతత్త ఊసు ఎత్తేవాణ్ణి కాదు. ఇప్పుడు బైఠకులు లేవు, మేం చాలా ముందుకొచ్చాం. ఫోనులో కుటుంబం గ్రూపుంది, అరవై నాలుగు మందిమి. పెద్దబాపు కొడుకు ఏదో ఒకటి నిర్ణయించి అందులో పెడతాడు, టపటపా బొటనవేళ్ళు లేస్తాయి. వేలెత్తనివాళ్ళు ఎవరో నేనూ లెక్కపెట్టను. నా బొటనవేలు మాత్రం మొదటి అయిదింటిలో ఉంటుంది.

శాంతత్త భాల్కిలోనే టీచరైంది, అక్కడే రిటైరైంది, అక్కడే చిన్న ఇల్లు కట్టుకుంది. నేను నెలకోసారి వెళ్ళేవాణ్ణి. పుంటికూర పచ్చడి వేసి జొన్న రొట్టె పెట్టేది, నా కాలేజీ సంగతులు అడిగేది, ఎప్పుడైనా నా ఉచ్చారణ కూడా దిద్దేది. ఆ అమాస సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఈసారి చెప్పాలి, క్షమించమని అడగాలి అనుకుని బస్సెక్కేవాణ్ణి, రొట్టె తిని బస్సెక్కి వచ్చేసేవాణ్ణి. ఇన్నేళ్ళూ అదే వరస. పోయినేడు ఎండాకాలంలో ఆమె పోయింది. అడగాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది, అది ఎంత బరువో ఇప్పుడు తెలుస్తోంది.

ఆమె పనిచేసిన బళ్ళో సంతాపసభ పెట్టి నన్ను పిలిచారు. వేదిక మీద కుర్చీ వేసి శాలువా కప్పారు. ఎందుకు కప్పారో నాకర్థం కాలేదు. ఈ మధ్య ఎవరు పోయినా ఎవరికో ఒకరికి కప్పుతున్నారు గదా అని ఊరుకున్నాను. తాలూకా ఆఫీసులో పనిచేసే సావిత్రి అనే ఆమె, ఒకప్పటి శాంతత్త విద్యార్థిని, మైకు పట్టుకుంది.

"టీచరమ్మ యేటేటా కొత్త పిల్లలకు ఒక కథ చెప్పేది. ఇంట్ల అందరు వద్దన్నరు, మా మేనల్లుడొక్కడే బైఠక్‌ల నా దిక్కు మాట్లాడిండు, అందుకే నేనియ్యాల మీ ముంగట నిలవడ్డ అని. మా నాయన నన్ను ఏడో తరగతికి బడి బంద్ చేస్తనంటే, నేను ఆ కథ మా అన్నకు చెప్పి ఏడ్చిన. ఫ్రాన్సు పోయెటాయన నోరు తెరిచిండు, నీకు నోరు లేదా అని అడిగిన. మా అన్న పోయి నాయన ముంగట నిలవడ్డడు. ఆ అల్లుడు సార్ గీయనే!"

చప్పట్లు కొట్టారు. అది అబద్ధమని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూసి, సభకు దండం పెట్టాను. ఆ అబద్ధం మీద ఒక అన్న నిలబడ్డాడు, ఒక చదువు నిలబడింది, ఇంకా ఎంతమందో. అదొక్కటే కారణమని చెప్పుకుంటే బాగుంటుంది గాని, శాలువా కూడా మెత్తగా, హాయిగా ఉంది. అత్త నన్ను మన్నించిందో, ఇన్నేళ్ళూ నాకంటే బాగా వెక్కిరించిందో అక్కడ కూర్చుని ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

సభ అయ్యాక సావిత్రి కుర్చీ దగ్గరికి వచ్చింది. "సార్, ఒక్కటి అడగాల్నని చిన్నప్పటి సంది అనుకుంటున్న. ఆనాడు మీరు ఏమని అన్నరు? టీచరమ్మ అన్ని చెప్పేది, అది మాత్రం చెప్పకపోయేది. మా అల్లుడు వచ్చినప్పుడు ఆయననే అడుగుండ్రి అనేది."

నీళ్ళు తాగాను. నా జన్మలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"శాంతత్త చదువుకుంటనంటుంది తాతా, పోనియ్యి. అట్ల అన్ననమ్మా."

ఆమె ఇంకా ఏదో ఉంటుందని ఎదురుచూసింది. "గంతేనా సార్?"

"గంతేనమ్మా," అన్నాను.